నేను పుట్టించిన తుప్పు

ఆ రోజుల్లో నాకు మూడు టైలు, ఒక ఎర్ర పెన్ను, నా ఇంగ్లీషు మీద చెప్పలేనంత నమ్మకం ఉండేవి. మదీనాగూడలో హాస్టల్ గది, హైటెక్ సిటీకి కాస్త అవతల ఓ ప్రైవేటు యూనివర్సిటీలో కొలువు. తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగులో చేరిన పిల్లలకు అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. వాళ్లు రిపోర్టులూ జవాబులూ రాసుకోవడానికి సాయంగా ఒక గది తెరిచి, అందులో నన్ను కూర్చోబెట్టారు. కిటికీలోంచి ఐటీ కంపెనీల అద్దాల మేడలు కనబడేవి. "అక్కడికి వెళ్లాలంటే ముందు ఈ గదిలోకి రావాలి" అని పిల్లలకు గంభీరంగా చెప్పేవాణ్ణి. (నేను ఆ మేడల్లో రెండు ఇంటర్వ్యూలు తప్పాకే ఈ గదిలోకి వచ్చాను. ఆ సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు.)

మొదటి సెమిస్టర్లోనే ఫిజిక్స్ ల్యాబ్ రిపోర్టు వచ్చిపడింది. స్ప్రింగుకు బరువులు తగిలించి, అది ఎంత సాగిందో స్కేలు మీద చూసి రాయాలి. "సార్, ఒక మోడల్ రాసియ్యుండ్రి, చూసి నేర్చుకుంటం" అని పిల్లలు వెంటపడ్డారు. మన దగ్గర మోడల్ అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. పదో తరగతి నుంచి నేనూ మోడల్ జవాబులు మింగి పైకొచ్చినవాణ్ణే. అయినా నా ఇంగ్లీషు నలుగురూ చూడాలన్న సరదా కొద్దీ ఒక ఆదివారమంతా కూర్చుని రాశాను, ల్యాబ్ గడప తొక్కకుండానే. చివర్లో కొలతల్లో తేడా ఎందుకొచ్చిందో చెప్పాలట. ఏదో ఒక కారణం ఉండాలి కదా! హాస్టల్ కిటికీ గొళ్లెం వైపు చూశాను. అది తుప్పు పట్టి ఉంది. 'స్ప్రింగుకు తుప్పు పట్టి ఉండటం చేత కొలతలో స్వల్పమైన తేడా గమనింపబడినది' అన్న అర్థంలో ఒక నగిషీ వాక్యం ఇంగ్లీషులో చెక్కాను. సోమవారం మధ్యాహ్నానికల్లా అది గేటు ముందు జిరాక్స్ కొట్టులో కట్టలు కట్టలుగా పోయింది.

ఒక్క అమ్మాయి మాత్రం సొంతంగా రాసుకొచ్చింది. పాలమూరు వైపు పిల్ల. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటుందని క్లాసులో ఆ అమ్మాయికి 'ఎందుకు' అన్న పేరే స్థిరపడిపోయింది. ముక్కలు ముక్కలుగా ఉన్న ఆ ఇంగ్లీషులో సంగతి మాత్రం ఇదీ: 'స్ప్రింగు బాగానే ఉంది. నేను పైనుంచి వంగి చూశాను. అందుకే అంకె తప్పు వచ్చింది.' నాకు నవ్వొచ్చింది. ఆ మూడు వాక్యాలనూ ఎర్ర పెన్నుతో నిలువునా కొట్టేసి, పక్కన మోడల్ వాక్యం రాసిచ్చాను.

"మన తప్పు మనమే రాసుకుంటామా అమ్మా? రిపోర్టంటే హుందాగా ఉండాలి."

"తుప్పు లేదు గద సార్, ఎందుకు రాయాలె?"

"ఉంటుందిలే అమ్మా, ఎక్కడో ఒక చోట!"

పాపం, సార్ చెప్పాడు కదా అని మార్చి రాసింది. అలా నలభై మందీ నలభై తుప్పులు రాసి ఇచ్చారు. ఫిజిక్స్ హెడ్ గారు కారిడార్లో నన్ను ఆపి, "పిల్లల ఇంగ్లీషు ఒక్కసారిగా బాగుపడిందండీ! అందరూ ఒకేలా రాస్తున్నారు" అని మెచ్చుకున్నారు. నేను టై సర్దుకుని వినయంగా తల వంచాను. (ఆ వినయం తలచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.)

వారం తిరక్కుండా ల్యాబ్ అటెండరు నా గదికి వచ్చాడు. బాలానగర్లో ఓ ఫ్యాక్టరీలో పాతికేళ్లు ఫిట్టరుగా చేసి, అది మూతబడ్డాక ఇక్కడ కాంట్రాక్టు మీద చేరిన పెద్దమనిషి. చేతిలో ఎప్పుడూ నూనె డబ్బా, గుడ్డపీలిక ఉంటాయని పిల్లలు 'నూనె తాత' అనేవారు.

"టై సారూ, గిదేందో ఇంగ్లీషుల ఇచ్చిండ్రు. జర సదివి చెప్పుండ్రి" అంటూ ఓ కాగితం నా ముందు పెట్టాడు.

చదివాను. హెడ్ గారి నోటీసు. అందులో నా వాక్యమే! నేను చెక్కిన నగిషీ ఒక్క అక్షరం చెదరకుండా అందులో ఉంది. స్ప్రింగులు తుప్పు పట్టాయని నలభై మంది విద్యార్థులు రాతమూలకంగా తెలిపారనీ, మూడు రోజుల్లో సరైన సంజాయిషీ ఇవ్వకుంటే నెలాఖరున కాంట్రాక్టు పొడిగించరనీ ఉంది. హెడ్ గారు వెళ్లి చూస్తే స్ప్రింగులు తళతళలాడుతున్నాయట. ఫిర్యాదు సంగతి తెలిసి హడావుడిగా తుడిచేశాడని ఆయన అనుమానం. అది కూడా రాశారు.

తెలుగులో చెప్పాను, ఆ వాక్యం ఎవరిదో తప్ప అన్నీ చెప్పాను. తాత తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "తుప్పా? నా చేతులకెల్లి పొయ్యే సామాను మీద తుప్పా? ఈ వయసుల నన్నింకెవరు పెట్టుకుంటరు సారూ?" అన్నాడు. ఆ ముఖంలోకి చూడలేక, "ఏం కాదండీ, నేను జవాబు రాసిస్తాగా" అన్నాను. రాశాను కూడా. ఇకపై ఇలా జరగదనీ ఈసారికి దయతలచమనీ నాలుగు పెద్ద పెద్ద మాటలతో ఇంగ్లీషు క్షమాపణ. నా ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది మరి!

"ఏం రాసిండ్రో తెలుగుల చెప్పుండ్రి" అన్నాడు తాత. చెప్పాను. కాగితాన్ని మెల్లగా నా వైపు జరిపాడు. "చెయ్యని తప్పుకు మాఫీ నేనెందుకు అడగాలె?"

అప్పుడు చూశాను, గుమ్మంలో 'ఎందుకు' నిలబడి ఉంది. తాతకు నోటీసు వచ్చిందని ల్యాబులో తెలిసి పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. "సార్, నేను ముందుగల రాసింది నా దగ్గరున్నది. స్ప్రింగు మంచిగున్నదని అండ్ల ఉన్నది. హెడ్ సార్‌కు చూపియ్యాల్నా?" అని సంచిలోంచి తీసింది. నా ఎర్ర సిరా కాగితమంతా పరుచుకుని ఉంది. అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిల్ల నా వైపు చూసి, ఏ వెటకారమూ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది: "చూపియ్యొద్దా సార్? మన తప్పు మనం రాసుకోవద్దన్నరు గద."

నా జన్మలో అంతగా సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు. ఆ కాగితం తీసుకుని నేనే హెడ్ గారి గదికి వెళ్లాను. ఆయన ఇటూ అటూ తిప్పి చూసి, "ఈ ఎర్ర సిరా ఎవరిదండీ?" అన్నారు. "నాదేనండీ. తుప్పు కూడా నాదే" అన్నాను. ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టారు. "స్ప్రింగులు చూసి కూడా నేను కాగితాలనే నమ్మానండీ" అని తాత నోటీసు తెప్పించి తన చేత్తోనే రద్దు చేశారు. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. అడ్డు చెప్పడానికి నాకు నోరెక్కడిది!

మర్నాడు తాత నన్ను ల్యాబుకు పిలిచాడు. కోప్పడతాడనుకున్నాను. ఒక్కో స్ప్రింగునూ గుడ్డలో చుట్టి, పసిపిల్లల్లా వరసగా పడుకోబెట్టాడు. ఒకటి తీసి కొక్కేనికి తగిలించి, బరువు వేసి, "ఎంతొచ్చిందో చెప్పుండ్రి" అన్నాడు. పైనుంచి వంగి చూసి చెప్పాను. తాత, పక్కనే ఉన్న 'ఎందుకు' ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "తప్పు సారూ. కన్ను కిందికి దించాలె, స్కేలుకు సమానంగ" అన్నాడు. మోకాళ్ల మీద కూర్చోబోతే టై పోయి నూనె డబ్బాలో పడింది. విప్పి పక్కన పెట్టి, మళ్లీ చూశాను. ఈసారి సరిగ్గా వచ్చింది.

ఇప్పుడూ ఆ పనిలోనే ఉన్నాను. మోడళ్లు ఇవ్వడం మానేశాను. ముందు పిల్లలతో పాటు ల్యాబుకు వెళ్తాను, ఏం చూశావో నీకొచ్చిన మాటల్లో చెప్పమంటాను, ఇంగ్లీషు సంగతి ఆ తర్వాత. ఆ అమ్మాయి తన కాగితాన్ని నాకే వదిలేసి వెళ్లింది. అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను. టై కట్టుకున్న ఆ కుర్రాడి మీద ఒకప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు నవ్వొస్తుంది, జాలేస్తుంది. ఆ మూడు వాక్యాలూ ఈరోజు నా ముందు పెట్టి దిద్దమంటే, ఒక్క అక్షరం కూడా నేను కొట్టెయ్యలేను.