నాలుగు ఓటములు, ఒక గోల్‌కీపరు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే ఫుట్‌బాల్ తప్ప అన్నీ తెలుసు. అందుకేనేమో నన్ను ఫుట్‌బాల్ కోచ్‌ని చేశారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. మధిర దగ్గర మా ఊరు. ఖోఖోలో జిల్లా స్థాయి దాకా ఆడి, వ్యాయామ విద్యలో శిక్షణ పూర్తిచేసి, భద్రాచలం అవతల అడవిలో ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు పీఈటీగా చేరాను. చేరిన వారానికే ప్రధానోపాధ్యాయురాలు (అందరం పెద్దమేడం అనేవాళ్లం) పిలిచి, "ఈసారి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నరంట. మన టీం పోవాలె. హెడ్ కోచ్‌వి నువ్వే" అన్నది. హెడ్ అన్న మాట చెవిన పడ్డాక ఇంక నేను నేలమీద నడవలేదు. (నా కింద వేరే కోచ్ ఎవరూ లేరన్న సంగతి మూడు రోజుల తర్వాత గాని తట్టలేదు.)

ఖోఖోలో నేను నేర్చుకున్నది ఒకటే, తరమడం. ఫుట్‌బాల్ కూడా అంతేననుకున్నాను. "బంతి ఎక్కడుంటే అందరూ అక్కడుండాలి" అన్నదే నా వ్యూహం. పిల్లలు బుద్ధిమంతులు, చెప్పింది చెప్పినట్టు చేశారు. పదిమందీ ఒక్క గుంపుగా బంతి వెంట పడితే, వెనక గోల్ దగ్గర తాడి ఒక్కతే మిగిలేది. తాడి అంటే తొమ్మిదో తరగతి పిల్ల. తాటిచెట్టంత పొడుగని తోటి పిల్లలు పెట్టిన పేరు. జట్టులో ఆమెంత వేగంగా పరుగెత్తేవాళ్లు లేరు. అలాంటి పిల్లను తీసుకుపోయి, చేతులు పైదాకా అందుతాయని గోల్‌లో కదలకుండా నిలబెట్టిన ఘనత నాదే. అది చాలదన్నట్టు, పుట్టినప్పటి నుంచి ఉత్త కాళ్లతో గుట్టలెక్కిన పిల్లలకు, పట్నం జట్ల ముందు పరువు పోతుందని, బడికొచ్చిన కాన్వాస్ బూట్లు తొడిగించాను. అన్నీ ఒకే సైజు. "మేడం, బూట్లు జారిపోతున్నయి. ఉత్త కాళ్లతోనే ఆడ్తం మేడం" అని కెప్టెన్ పిల్ల బతిమాలింది. "కోచ్ నువ్వా, నేనా?" అన్నాను.

మొదటి మ్యాచ్ సారపాకలో. ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయాం. గాలి ఎక్కువగా ఉందని చెప్పాను. రెండోది పాల్వంచలో, ఐదు గోల్స్. ఎండ అని చెప్పాను. అశ్వారావుపేటలో జరిగిన మూడోదానికి వాన పడింది కాబట్టి, కారణం వెతుక్కునే శ్రమ తప్పింది. నాలుగోది మా సొంత మైదానంలో, గాలీ ఎండా వానా ఏదీ లేని చల్లటి పూట ఆడాం. ఏడు గోల్స్ పడ్డాయి. అందులో ఒకటి మా కెప్టెన్ మా గోల్‌లోనే కొట్టింది. (అది కూడా గోలేనని పిల్లలు కాసేపు గంతులేశారు.) ఆ రోజు సామాన్ల గదిలో వాలీబాల్ నెట్టు చాటున కూర్చుని ఏడ్చాను. రెండు రోజులు అన్నం సయించలేదు. ఈ ఉద్యోగం ఉండదు, మా నాన్నకు మొహం చూపించలేను అని ఒకటే దిగులు. అంతలో పెద్దమేడం ఓటమికి కారణం రాసిమ్మంది. ఆకాశం వైపు చూస్తే నన్ను ఆదుకునేది ఏమీ కనిపించలేదు. "గోల్‌కీపర్ అజాగ్రత్త వల్ల ఓడిపోయాం" అని రాసిచ్చాను. ఒక్క వాక్యం. కింద హెడ్ కోచ్ అని సంతకం పెట్టాను.

మర్నాడు ప్రేయర్‌లో పెద్దమేడం దాన్ని బడి మొత్తానికీ వినిపించేలా గట్టిగా చదివింది. తాడి ఏడవలేదు. అంత పొడుగు పిల్లా వీలైనంత పొట్టిగా కనపడాలన్నట్టు భుజాలు ముడుచుకుని నిలబడింది. ఆ ఆదివారం ఇంటికి పోయిన పిల్ల మళ్లీ రాలేదు. పది రోజులయ్యాక కెప్టెన్ కబురు తెచ్చింది. "తాడి ఇంక సదువదంట మేడం. వాళ్ల అవ్వతోని పత్తి చేన్లకు పోతాంది." పెద్దమేడం రిజిస్టర్ తెరిచి, "సోమారం దాకా చూస్త. రాకుంటే పేరు కొట్టేస్త" అన్నది. అప్పటిదాకా నేను ఓడిపోయింది మ్యాచ్‌లే అనుకున్నాను.

శనివారం పొద్దున్నే బయలుదేరాను. బస్సు, ఆటో, ఆ తర్వాత నడక. మోకాళ్ల లోతు వాగు దాటేటప్పుడు నా చెప్పుల్లో ఒకటి నీళ్లలో పోయింది. రెండోది చేతిలో పట్టుకుని చేనుకు చేరాను. తాడి నన్ను చూసి మొక్కల వెనక్కి వంగింది గాని, పత్తి మొక్కలు నడుము దాటలేదు, తాడి వీపు దాచడం వాటివల్ల కాలేదు. వాళ్ల అవ్వ కలుపు తీయడం ఆపకుండానే అడిగింది.

"నువ్వేనా ఆటల పంతులమ్మవు? మా పిల్ల ఓడగొట్టిందంట గద."

"అది కాదవ్వా..."

"ఎంతమంది ఆడ్తరు మీరు?"

"పదకొండు మంది."

"గంతమంది ఆడంగ ఇదొక్కతే ఎట్ల ఓడగొట్టింది? కడమోళ్లు యాడ వోయిన్రు?"

"బంతి వెంట పోయారవ్వా. ముందుకు."

"ఎవలు పొమ్మన్నరు?"

చెప్పును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. "నేనే."

అవ్వ మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "మరి నువ్వెందుకు ఇంటికి పోలే?" అన్నది.

  చేతిలో ఒంటి చెప్పుతో ఆ చేను గట్టున నిలబడి, "తప్పు నాదేనవ్వా. పిల్లను పంపించు" అన్నాను. అవ్వ భుజం ఎగరేసి, "నన్నేంది అడుగుడు, దాన్నే అడుగు" అంది. తాడి పత్తాకు నలుపుతూ, "ప్రేయర్ల చదివిన్రు గద మేడం. గీ మాట కూడ ప్రేయర్లనే చెప్తరా?" అంది. చెప్తానన్నాను. "బూట్లు?" అంది. వద్దన్నాను.

సోమవారం ప్రేయర్‌లో చెప్పాను. కంగారులో తాడి పేరు చెప్పబోయి, "ఓటమికి నేను కారణం కాదు" అని మొదలుపెట్టి, పిల్లలు గొల్లున నవ్వాక సరిదిద్దుకున్నాను. (పెద్దమేడం కూడా నవ్వింది. ఆ బడిలో నేను సాధించిన మొదటి విజయం అదే.) ఐదో మ్యాచ్‌కు గోల్‌లో వేరే పిల్లను నిలబెట్టి, నలుగురిని వెనక ఆపి, తాడిని ముందుకు పంపాను. మైదానం సగం నుంచి బంతి తీసుకుని ఉత్త కాళ్లతో ఆ పిల్ల పరుగెత్తిన పరుగు, కొట్టిన గోలు నేను చచ్చేదాకా మరిచిపోను. ఒకటికి రెండు గోల్స్‌తో ఓడిపోయాం.

సాయంత్రం బస్సులో పిల్లలు పాటలు పాడుతుంటే, వరుసగా ఐదు ఓటముల కోచ్ కిటికీకి తల ఆనించి, తన బతుకు ఇక ముగిసిపోయిందని కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. ఇప్పుడు ఆ కోచ్ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. వీలైతే ఆ బస్సెక్కి, పక్క సీట్లో కూర్చుని, "ఇంతకంటే పెద్ద ఓటములు చాలా ఉన్నాయమ్మా ముందు, ఇప్పుడే అలిసిపోతే ఎట్లా? ఇంద, ఈ జామకాయ తిను" అని చెప్పాలనిపిస్తుంది. వినేది కాదులెండి. ఇరవై మూడేళ్లు మరి.