కొలత రోజుకి నిండే నుయ్యి

నూతుల్లోకి టేపు వదిలి, నీళ్ళెంత లోతున ఉన్నాయో రాసుకురావడం నా ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో ఈ ముక్క చెబితే మా ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ఇల్లు గాజువాకలో. పని అచ్యుతాపురం దారికి లోపలగా ఉన్న ఒక నల్లరాతి క్వారీ చుట్టూ. అక్కడ ఆరు నూతులు నా వంతు. నెలకోసారి, రెండో శుక్రవారం, వాటిని కొలిచి ఆఫీసులో కాగితం ఇవ్వాలి.

ఆ ఏడు ఆ కాగితం మీదే అంతా ఆగి ఉంది. క్వారీ వాళ్ళు ఇంకో మెట్టు లోతుకి తవ్వుతామని అడిగారు. అప్పటికే గోతిలో ఊరుతున్న నీటిని మోటార్లతో తోడేస్తున్నారు. ఇంకా దిగితే చుట్టుపక్కల నూతుల్లో నీరు కూడా అటే లాక్కుపోతుంది. నూతులు తట్టుకుంటున్నాయని కొలతలు చెబితే అనుమతి వస్తుంది. లేకపోతే తవ్వకం ఆపి, గట్లు సర్ది, పైన మట్టి పరిచి మొక్కలు నాటాలి.

గోతికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న నుయ్యి ఒక పెద్దావిడది. ఒంటరి మనిషి. నూతి వెనక అరెకరంలో కనకాంబరాలు, బంతి వేసి, పూలు సింహాచలం కొట్లకి పంపేది. మిగతా అయిదు నూతులూ నెలనెలా దిగుతుంటే ఆవిడది మాత్రం కదల్లేదు. అనుమానం రావాల్సింది నాకు అక్కడే. రాలేదు. పైగా ఆ నుయ్యంటే ముద్దు. గట్టు మీద కూర్చుని ఆవిడిచ్చిన మజ్జిగ తాగి, "శభాష్" అని నూతిని మెచ్చుకుని వచ్చేవాణ్ణి.

ఆఫీసులో ఆ ఒక్క నుయ్యే సాక్షి అయి కూర్చుంది. పక్కనున్నదే తగ్గనప్పుడు దూరంవి తగ్గితే తప్పు క్వారీదెలా అవుతుంది, వాళ్ళ వాళ్ళ బోర్లది గానీ, అన్నారు. నేనూ తలూపాను.

ఒక నెల శుక్రవారం మా బావమరిది పెళ్ళి పడింది. అందుకని గురువారమే వెళ్ళాను. దుమ్ము లేవకుండా క్వారీ రోడ్డు తడిపే ట్యాంకరు ఆవిడ గుమ్మం ముందు ఆగి ఉంది. దాని పైపు నూతిలో ఉంది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. పైపు పట్టుకున్న డ్రైవరు ఆవిడ మేనల్లుడట. నన్ను చూసి బిక్కచచ్చిపోయాడు.

ఆవిడ మాత్రం గాభరాగా ఎదురొచ్చింది. "అయ్యో, ఇయాలే వచ్చీసినావేటి బాబూ? రేపు కదా నువ్వొత్తావు!"

నాకు ఒళ్ళు మండింది. "ఏంటమ్మా ఇది? ఎన్నాళ్ళనుంచి?" అని అరిచాను.

"ఎనిమిది నెల్లయితాది," అంది. "మొదట్నాడు నువ్వేటన్నావు? ఈ సుట్టుపట్ల ఇంత మంచి నుయ్యి నేదన్నావు. ఆ మాటన్న మనిషికి ఎండిపోయిన నుయ్యి ఎలా సూపిత్తాను? నాకు మొకం సెల్లొద్దా? అందుకే నానే ఈడిని బతిమాలి పోయిత్తన్నాను. ఈడినేటీ అనకు."

మోసమైతే తిట్టేవాణ్ణి. ఇది మర్యాద. ఆ మర్యాదే రేపు ఆవిడ నూతిని పూర్తిగా ఎండబెట్టబోతోంది, ఆ సంగతి ఆవిడకి తెలియదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు. ఈ కొలత ఎందుకో చెప్పకుండా ఎనిమిది నెలలు మజ్జిగ తాగాను.

ఆ రోజు మొదటిసారి నూతి వెనక్కి నడిచాను. బంతి లేదు. కనకాంబరాలు నాలుగు వరసలు మిగిలాయి, వాటికీ వీధి కుళాయి నుంచి బిందెలతో మోసి పోస్తోంది. అక్కడే మడి గట్టు మీద కూర్చుని, గోతికీ నూతికీ లోపల ఉన్న సంబంధం ఆవిడకి వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే నా నూతిని నానే ముంచుకున్నానన్నమాట," అంది. కాదు, నేను ముంచాను అన్నాను. ఆ మాట ఇప్పటికీ నిజమే అనుకుంటాను.

మర్నాడు పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళాను. పొద్దున్నే ఆఫీసులో ఉత్తరం రాసిచ్చాను: ఆ నూతి ఎనిమిది కొలతలూ చెల్లవు, పోసిన నీళ్ళని ఊరిన నీళ్ళనుకుని రాశాను, తప్పు నాది. ట్యాంకరు ఎవరు తోలారో రాయలేదు. చీవాట్లు బాగానే పడ్డాయి. లోతు తవ్వకం మాత్రం ఆగింది. గోతిలో నీళ్ళు తోడడం కూడా ఆపించారు. మట్టి పరిచే పని ఒక మూల మొదలైంది.

అయితే ఉత్తరం రాసినంత మాత్రాన దిగిపోయిన నీళ్ళు పైకి రావు కదా. తర్వాతి నెల, ట్యాంకరు పోయని నూతిలోకి టేపు వదిలాను. అడుగు తగిలే దాకా వెళ్ళింది. పైకి లాగితే కొసకి బురద. అంకె చదవబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"రాసుకో బాబూ, ఉన్నదున్నట్టు రాసుకో," అంది. "గట్టిగా సదవకు. పక్కోళ్ళు ఇంటారు."

నాకు ఏడుపొచ్చింది. పుస్తకం తీసి, నోరు మెదపకుండా రాసుకున్నాను.