హౌస్‌వైఫ్ ఒకటి, ఇంకా అప్పజెప్పలేదు

మా ఆయన పోయిన మూడో నెలలో నన్ను వెనక్కి పంపమని మిలటరీ నుంచి ఉత్తరం వచ్చింది. నవ్వకండి, కాగితం మీద అలాగే ఉంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. చదివింది పోస్టుమాన్.

ఆయన సెలవు మీద ఇంటికొచ్చి, పదో రోజు పొద్దున్న స్నానానికి నీళ్లు తోడుకుంటూ నూతి దగ్గరే కూలిపోయాడు. పలాస ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే గుండె ఆగిపోయిందన్నారు. యూనిట్ వాళ్లు వచ్చారు, జెండా కప్పారు, మర్యాదకేం లోటు చేయలేదు. ఆ తర్వాత కాగితాలు మొదలయ్యాయి. ఆయనకిచ్చిన సామానంతా తిరిగి ముట్టిందని ఒక చీటీ పుట్టాలట. అది పుట్టేదాకా నా పింఛను ఫైలు ఉన్నచోటి నుంచి కదలదట.

పోస్టుమాన్ మా అరుగు మీద కూర్చుని, ఇంకా రావలసినవి ఒక్కొక్కటీ చదివాడు. కంబళి ఒకటి. దోమతెర ఒకటి. అన్నం తినే మెస్ టిన్ ఒకటి. నీళ్ల సీసా ఒకటి. అక్కడ ఆగిపోయాడు. కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ కాగితం వంక చూశాడు.

"ఏటయ్యింది బాబూ?" అంది మా అత్త.

"హౌస్‌వైఫ్ ఒకటి అని ఉన్నాది మామ్మా."

"అంటే ఏటి?"

"అంటే... ఇంటావిడ. పెల్లాం." గొంతు సవరించుకున్నాడు. "కింద ఇంకోటి రాసినారు. అన్నీ పనికొచ్చే స్థితిలోనే టెక్కలి ఆఫీసులో అప్పజెప్పాలంట."

మా అత్త నన్ను నెత్తి నుంచి పాదాల దాకా చూసింది. "దీనికి నడుం నొప్పి కదా బాబూ. అది కూడా రాసియ్యాలేటి?"

నాకు ఒళ్లు మండింది. "నీ కొడుకు నన్ను పందిట్లో తాళి కట్టి తెచ్చుకున్నాడు గానీ, ఆల్ల స్టోరు గదిలో సంతకమెట్టి తెచ్చుకోనేదు కదత్తా!"

"ఏమోనే, గవర్నమెంటోల్లు. అడిగితే ఇవ్వకపోతే ఊరుకుంతారేటి?"

మర్నాడు పొద్దున్నే సామాను పోగేశాను. కంబళి మా అత్త పక్కగా మారిపోయింది. మెస్ టిన్‌లో కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. నీళ్ల సీసా రోజూ నాతోపాటు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి వస్తుంది, అక్కడ నేను పప్పు మీద పొట్టు తీస్తాను. దోమతెర సంగతి చెప్పాలంటేనే సిగ్గు. కాకులు వాలకుండా ఎండుచేపల మీద కప్పి ఉంది. మూడుసార్లు సబ్బు పెట్టి ఉతికినా చేప చేపలాగే ఉంది. అన్నీ మూటగట్టి టెక్కలి బస్సెక్కాను. నన్ను ఒంటరిగా పంపితే అటునుంచి అటే అట్టుకెళ్లిపోతారని మా అత్త కూడా ఎక్కింది.

బస్సులో పక్క సీటావిడ ముక్కు ఎగరేసి, "ఎండుసేపలు ఎలగిత్తన్నావమ్మా?" అంది.

"ఇది మిలట్రీ సామాను!" అని అరిచింది మా అత్త. బస్సంతా వెనక్కి తిరిగింది.

టెక్కలిలో మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసులో గుమాస్తా కూడా ఒకప్పటి హవల్దారే. మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఒక్కో వస్తువూ తీసి, కాగితంలో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. దోమతెర తీసి, లేచి కిటికీ తెరిచి వచ్చి కూర్చున్నాడు.

"హౌస్‌వైఫ్?" అన్నాడు, తల ఎత్తకుండా.

"నానేనండి," అని లేచి నిలబడ్డాను.

పెన్ను ఆగింది. మా అత్త రెండు చేతులూ జోడించింది. "బాబూ, ఇది నేకపోతే నాకు గంజి పోసేవోల్లు నేరు. దీని బదులు ఇంకేదైనా అట్టుకెల్లండి. మెస్ టిన్ను ఇంకోటి కొనిత్తాను."

గుమాస్తా కళ్లజోడు తీసి, కళ్లలో నీళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. "అది నువ్వు కాదమ్మా! సూదీ దారం ఎట్టుకునే గుడ్డ సంచి. సిపాయి గుండీ ఊడితే కుట్టడానికి పక్కన పెల్లాం ఉండదు కదా, అందుకని ఇంగిలీసోడు దానికా పేరెట్టీసి ఎల్లిపోనాడు."

మా అత్త నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నా చెయ్యి రొంటి మీదకు పోయింది.

ఆ సంచి అక్కడే ఉంది. ఆకుపచ్చ గుడ్డది, చుట్టి నాడాతో కట్టేది. అది మిలటరీదని నాకు తట్టనే లేదు, మా ఆయనదనే అనుకున్నాను. పోయిన రోజు పొద్దున్న మెట్టు మీద కూర్చుని, నా జాకెట్టుకి ఊడిన హుక్కు కుడదామని సూదిలో దారం ఎక్కించాడు. "నువ్వెక్కించేసరికి పొద్దు గుంకిపోద్ది," అని నన్ను వెక్కిరించాడు. ముందు నీళ్లు పోసుకొస్తానని, సూదిని ఆ గుడ్డకే గుచ్చి లేచాడు. ఆ దారం ఇంకా ఆ సూదిలోనే ఉంది. జాకెట్టుకి పిన్నీసు పెట్టుకుంటున్నాను గానీ ఆ సూది ముట్టలేదు.

"ఉన్నాదా మరి?" అన్నాడు గుమాస్తా.

"పోనాదండి," అన్నాను.

"పోతే ఎక్కడ పోనాదో, ఎలగ పోనాదో రాయాల."

"సముద్రంలో పడిపోనాది," అంది మా అత్త. సరిగ్గా అప్పుడే నేను, "కాకెత్తుకుపోనాది," అన్నాను.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

"కాకెత్తుకెల్లి సముద్రంలో పడేసినాది," అని సర్దింది మా అత్త.

గుమాస్తా అలాగే రాసుకున్నాడు. "కింద సంతకమెట్టమ్మా. ఆధార్ కార్డు ఇలగియ్యి, నంబరెయ్యాల."

నా బుద్ధి గడ్డి తింది. రొంటిలోంచి సంచి తీశాను. బల్ల మీద పెట్టి నాడా విప్పాను. నా ఆధార్ కార్డు దాచుకునేది దాన్లోనే. కార్డు లాగబోతే సూది గుచ్చుకుని "అబ్బా" అన్నాను. అప్పుడు చూశాను, నేనేం చేశానో. గుడ్డ మడత మీద నల్ల సిరాతో మా ఆయన మిలటరీ నంబరు వేసి ఉంది. గుమాస్తా ఆ నంబరు చూశాడు, తన చేతిలో కాగితం చూశాడు. మా అత్త తల పైకెత్తి ఫ్యాను రెక్కలు చూస్తోంది.

"ఆ దారం ఎవులెక్కించినారు?" అన్నాడు.

"ఆయనే. ఆ పొద్దున్న."

గుమాస్తా నా కార్డు మీది నంబరు నెమ్మదిగా, ఒక్కో అంకె దిద్దినట్టు రాసుకున్నాడు. కార్డు తిరిగిచ్చి, సంచిని రెండు వేళ్లతో నావైపు తోశాడు.

"యేగిరం రొంటిలో ఎట్టీసుకోమ్మా. కాకి మల్లీ వత్తాది."

కొన్నాళ్లకి ఉత్తరం వచ్చింది. ఫైలు కదిలిందట. పోస్టుమాన్ అదే అరుగు మీద కూర్చుని చివరి ముక్క చదివాడు: హౌస్‌వైఫ్ ఒకటి, దొరకలేదు, లెక్కలోంచి తీసివేయడమైనది.

"అయితే దీన్ని మిలట్రీ ఒగ్గీసినట్టేనా బాబూ?" అంది మా అత్త.

"ఒగ్గీసింది మామ్మా."

"ఐతే ఇంక ఇది నాదే. ఒలే, మల్లీ ఆల్లొచ్చి అడిగితే నిన్ను కాకెత్తుకుపోనాదని సెప్పెత్తాను. లెగు, పొయ్యి మీద కూర మాడతంది."