బాగుందనకూడని షర్బతు

ఆళ్లగడ్డలో ఓబుళరెడ్డి ఇంట్లో షర్బతు తాగినవాళ్లు ఏమైనా అనొచ్చుగానీ, బాగుందని మాత్రం అనకూడదు. అన్నారంటే ఆయనకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చేది.

పంతొమ్మిదివందల యాభయ్యారు వేసవిలో నంద్యాల స్టేషను ఎదుట సోడా అంగట్లో ఏదో ఎర్రటి పండ్ల షర్బతు తాగి వచ్చాడాయన. "దీని తాత లాంటిది ఇంట్లోనే చేస్తా, చూస్తాండు" అని భార్య సుబ్బలక్ష్మమ్మ దగ్గర పంతం పట్టాడు. ఇంక చూడండి! నేరేడు పండ్లు ఉప్పేసి పిసకడం, అడవిలో కాసే పుల్లటి కలివి పండ్లు బెల్లంతో ఉడికించడం, రెండూ కలిపి పంచెలో వడగట్టి, జీలకర్ర పొడి చల్లి, కుండనీళ్లు పోయడం. ఇంట్లో ఒక్క పంచె తెల్లగా మిగల్లేదు.

పండ్లు తెచ్చేది కాశమ్మ, అహోబిలం అడవిలోని చెంచు మనిషి. గంపెడు పండ్లు దించి, గంపెడు జొన్నలు ఎత్తుకుపోయేది. ఆమె ఎదుటే ఓబుళరెడ్డి ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "ఊహూఁ, కుదర్లేదు. ఇంకో రెండు గంపలు తే" అనేవాడు.

అవి మద్యనిషేధం రోజులు. వీధిలో సగంమంది నాలుకలు ఊదారంగుకు తిరిగేసరికి కానిస్టేబుల్ యోహాను లాఠీతో దిగాడు.

"ఏం కాస్తాండావన్నా ఇంట్లో?"

"తాగి చెప్పప్పా."

యోహాను రెండు గ్లాసులు తాగి మీసం తుడుచుకున్నాడు. "శానా బాగుందన్నా."

"బాగుందా? నీ నాలిక పాడుగాను! వగరు తెలీలేదా నీకు? పో, పో!"

సారా పట్టడానికొచ్చిన పోలీసు తిట్లు తిని పోయాడు.

గాదెలో జొన్నలు తగ్గుతుంటే సుబ్బలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. ఒకరోజు కొంగు బిగించి తానే పూనుకుంది. అల్లం దంచి, నిమ్మకాయ పిండి, ఎక్కడా పొల్లు పోకుండా షర్బతు చేసి, కాశమ్మ చూస్తుండగానే మొగుడి చేతికిచ్చింది. ఆయన ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. కాశమ్మ వంక చూశాడు.

"నీళ్లు నీళ్లుగా ఉంది. కాశమ్మా, ఈసారి మూడు గంపలు తే."

సుబ్బలక్ష్మమ్మకు ఏడుపొక్కటే తక్కువ. కాశమ్మ వెళ్లిపోయాక వంటింట్లోకి పోతే, అక్కడ మహానుభావుడు కుండలో వేలు పెట్టి నాకుతున్నాడు.

"నీళ్లు నీళ్లుగా ఉంటే కుండ నాకేదెందుకయ్యా?"

"అరవద్దే! మొదటిరోజే కుదిరింది షర్బతు. ఆమె మొగుడు గంగయ్య తేనె కోసం కొండెక్కి, పడి కాలిరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో నలుగురు పిల్లోళ్లు. ఊరికే జొన్నలిస్తే, 'మేం అడుక్కుతినేటోళ్లమా సామీ?' అని మూట ఈడ్నే దించేసి పాయె. కుదిరిందంటే ఇంక పండ్లెందుకు మనకు? వాళ్లు తినేదేంది?"

సుబ్బలక్ష్మమ్మ కోపమంతా నీరుగారిపోయింది. "నాకొక మాట చెబితే ఏంబోయె?"

"చెబితే నువ్వు జాలిగా చూస్తావు. ఆమె కనిపెడతాది."

మర్నాటి నుంచి ఆ ఇంట్లో వంకలు పెట్టేవాళ్లు ఇద్దరయ్యారు. ఒకరు పులుపంటే ఒకరు చప్పనేవారు. వీధి వీధంతా మొగుడి పిచ్చి పెళ్లానికీ అంటుకుందని నవ్వుకుంది.

పండ్ల కాలం చివర్లో కాశమ్మ గంప లేకుండా వచ్చింది. వెనకాల కర్ర పోటేసుకుంటూ గంగయ్య.

ఓబుళరెడ్డి అలవాటు కొద్దీ గ్లాసెత్తాడు. "ఊహూఁ, ఇయ్యాల గూడా..."

"సాల్లే సామీ!" కాశమ్మ పకపకా నవ్వింది. "మాయన నడుస్తాండాడు. ఇంక బాగుందని చెప్పొచ్చులే."

ఓబుళరెడ్డి ఎత్తిన గ్లాసు దించేశాడు. సుబ్బలక్ష్మమ్మ నవ్వు ఆపుకోలేక, నాలుగు గ్లాసులు కడిగి వరసగా పెట్టింది.