ద్వీపం నుంచి వచ్చిన జవాబు

మొన్న పేపర్లో ఒక వార్త చదివి, కాఫీ చల్లారిపోయేదాకా కోపంతో అలాగే కూర్చుండిపోయాను. పెద్ద కంపెనీలు తమ నష్టాలకు తామే బీమా చేసుకునేలా సొంత ఇన్సూరెన్సు కంపెనీలు ఇక్కడే పెట్టుకోనిస్తారట, వాటికి నిబంధనలు కాస్త తేలికగా ఉంటాయట. మన వయసువాళ్ళు చాలామంది ఆ వార్త దాటేసి ఉంటారు గాని, నేను దాటలేకపోయాను. ఆ తేలిక నిబంధనలేమిటో పాతికేళ్ళ కిందట, మా బావ చెయ్యి పోయిన ఏడాదే నేర్చుకున్నాను.

చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్ళే దారిలో అప్పట్లో ఒక విదేశీ కంపెనీవాళ్ళ పండ్ల గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. మిషను బడి ఇంగ్లీషు పుణ్యమా అని నేను ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా అక్క భర్త, అంటే ఈ బావే, అక్కడే యంత్రం మీద పనిచేసేవాడు. బీమా కాగితాల పని నేర్చుకోమని మేనేజరు నన్ను వారం రోజులు విశాఖపట్నంలో శిక్షణకు పంపితే, అక్కడొక పెద్దాయన ఓపికగా చెప్పుకొచ్చాడు. మా ఫ్యాక్టరీ పాలసీ మీద ఇక్కడి బీమా కంపెనీ పేరే ఉన్నా, వెనక ఉన్నది మా యజమానులు ఎక్కడో ద్వీపంలో పెట్టుకున్న సొంత బీమా కంపెనీ అట. అక్కడి ప్రభుత్వం దానికి లైసెన్సు ఇచ్చి, మూలధనం చాలినంత ఉందా, బయటి ఆడిటరు చూశాడా, నడిపేవాళ్ళు అర్హులేనా అని అడుగుతుందట. బీమా చేసేదీ చేయించుకునేదీ ఒకరే కనుక, మామూలు పాలసీదారుల్ని కాపాడినట్టు అక్కడ ఎవరినీ కాపాడనక్కర్లేదట. అదంతా నేను నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను గాని, మరి మా బావలాంటివాళ్ళ సంగతేమిటని అడగలేదు. ఆనాటి నా మీద నాకింకా కోపం తీరలేదు.

ఆ వేసవిలోనే మామిడి టెంక ఒకటి యంత్రంలో ఇరుక్కుంది. సీజన్లో యంత్రం ఆపితే ఊరుకోనని మేనేజరు అప్పటికే చెప్పి ఉండడంతో, బావ ఆపకుండానే చెయ్యి పెట్టి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. క్లెయిము వచ్చాక పెద్దాసుపత్రికి పంపుదామని మేనేజరు నాన్చుతుంటే, ఊళ్ళో కట్టు మీద కట్టు కట్టించుకుంటూ ఎదురుచూశాం. పుండు చీము పట్టి, చివరికి మణికట్టు దాకా తీసేయవలసి వచ్చింది. ఆపైన బీమా కంపెనీ నుంచి వచ్చిన జవాబు, తప్పు అతనిదే కనుక క్లెయిము చెల్లదని. ఆ సంగతి బావకు తెలియజేస్తూ ఆఫీసు పంపిన ఉత్తరం టైపు చేసింది నేనే.

నేర్చుకున్న చదువు ఎందుకైనా పనికొస్తుందని, ఆ ద్వీపంలోని అధికారులకు ఫిర్యాదు రాశాను. నెలల తర్వాత ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. బీమా పొందినవాడు యజమాని గాని కార్మికుడు కాడని, కనుక ఇది తమ పరిధిలోకి రాదని రాశారు. దాన్ని బావకు తెలుగులో చదివి వినిపించాను.

"ఆళ్ళ డబ్బు సూసేవోడున్నాడు గానీ, నా సెయ్యి సూసేవోడు ఎవుడూ లేడేటే?" అన్నాడు బావ.

ఆ మాటే నన్ను కార్మిక శాఖ ఆఫీసుకు లాక్కెళ్ళింది. అక్కడి ముసలి గుమాస్తా నా ద్వీపం కథ సగంలోనే ఆపేశాడు.

"ఇన్సూరెన్సు వస్తాదో రాదో ఆళ్ళ తంటా అమ్మా. నీ బావకి పని సెప్పినోడెవుడు? ఆడి మీద రాయి."

బీమా ఉన్నా లేకపోయినా నష్టపరిహారం యజమానే ఇవ్వాలన్నది ఇక్కడి చట్టమట. వారం శిక్షణలో ఎవరూ చెప్పని ఆ ఒక్క ముక్క తెలియక దాదాపు ఏడాది పోగొట్టాం. ఉద్యోగం మానేసి కేసు వేయించాను, పరిహారం వచ్చింది. మేనేజరుకు మాత్రం ఎక్కడికో పెద్ద హోదాలో బదిలీ అయింది.

ప్రతి ఆదివారం మా చర్చిలో డోలక్ వాయించేవాడు బావ. ఆయన దెబ్బ పడితే వెనక బెంచీల్లోని ముసలమ్మలు కూడా గొంతు కలిపేవారు. ఇప్పుడు ఆ దరువు కీబోర్డులో మీట నొక్కితే వస్తోంది. పిల్లలకు తేడా తెలియదు, వాళ్ళ తప్పూ కాదు. ముందు వరసలో కూర్చుని ఆ పాట వింటూ మా బావ ఒంటి చేత్తో మోకాలి మీద తాళం వేస్తుంటాడు. నేను మాత్రం పాడలేను.