ఐసు ఫ్యాక్టరీ పక్కన గది: తూపిలిపాళెం సముద్రానికి మేము పోయివచ్చిన సంగతి

తిరుపతి వైపు నుంచి సముద్రానికి ఎలా పోవాలి, గది ఎక్కడ తీసుకోవాలి అని వెతుకుతూ మీరు ఈ పేజీకి వచ్చి ఉంటారు. అవన్నీ చెప్తాను. కానీ మేము ఎందుకు పోయామో ముందు చెప్పకపోతే తక్కినది మీకు అర్థం కాదు.

మా ఆయన పేరు మునిరత్నం. నాకు మేనత్త కొడుకు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా బావా అనే పిలుస్తాను. చిత్తూరు మామిడి మండీలో వేలం పాడించడం ఆయన పని. కాయల కుప్ప పక్కన నిలబడి ధర చెప్తుంటే నాలుగు దిక్కుల నుంచి ఒక్కసారిగా కేకలు వచ్చేవి. ఏ కేక ఎవరిదో తల తిప్పకుండా చెప్పేవాడు. నాలుగేళ్ల కిందట ఎడమ చెవిలో హోరు మొదలైంది. చిత్తూరులోనే చెవి డాక్టరు దగ్గరికి పోయాం. బావ కింద మందుల కొట్లో నిలబడి ఉన్నప్పుడు డాక్టరు నన్ను లోపలికి పిలిచి, "ఇది మామూలు హోరులాగా లేదు, తలకు స్కాన్ తీయించండి, ఆలస్యం చేయొద్దు" అని చీటీ రాసిచ్చాడు. అప్పుడు మామిడి సీజన్ నడుస్తోంది. ఇప్పుడు మండీ మానేస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుందని నా భయం. చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. కిందికి వచ్చి, "గుబిలి అంట బావా, సుక్కలేసుకుంటే పోతుందంట" అన్నాను. సీజన్ అయ్యాక చెప్దామనుకున్నాను. సీజన్ అయ్యేసరికి హోరు కాస్త తగ్గిందన్నాడు. నేను చెప్పలేదు.

ఈ ఏడాది మొదట్లో ఎడమ చెవి పూర్తిగా పోయింది. వేలూరులో స్కాన్ తీస్తే రెండు చెవుల నరాల మీదా గడ్డలున్నాయన్నారు. కుడివైపుది మెదడును ఒత్తుతోంది, తీయక తప్పదు, తీశాక ఆ చెవి కూడా వినపడుతుందని ఆశ పెట్టుకోవద్దన్నారు. ముందే వచ్చి ఉంటే ఎలా ఉండేదని డాక్టరమ్మను విడిగా అడిగాను. ఒక చెవినైనా నిలబెట్టడానికి ప్రయత్నం చేసేవాళ్లమంది. ఆపరేషన్‌కు పద్నాలుగు రోజుల గడువిచ్చారు.

ఇంటికి వచ్చిన రోజు ఆయనే అన్నాడు. "ఏమ్మే, యాడికన్నా రెండు దినాలు పోదాం. సముద్రం కాడికి. ఈడ పక్కన పిండిమర, ముందర బస్సులు. నువ్వు మాట్లాడేది సగం నాకు అందడం లేదు. నిమ్మళంగా కూసోని మాట్లాడుకోని శానా దినాలాయ."

ఆ రెండు రోజుల్లో చీటీ సంగతి చెప్పేయాలని అప్పుడే అనుకున్నాను. ఆయన చెవితో వినగలిగినప్పుడే, నా నోటితోనే చెప్పాలి. నాకు ఈ ప్రయాణం అందుకే.

చిత్తూరులో ఉదయం ఐదున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తిరుపతికి రెండు గంటలు పట్టింది. నాకు ఆడవాళ్ల ఉచిత టికెట్టు, ఆయనకు నూట పది దాకా అయింది. తిరుపతి బస్టాండులో ఇడ్లీ తిని, ఎనిమిదింటికి నాయుడుపేట బస్సు పట్టుకున్నాం. దానికి వంద లోపే. శ్రీకాళహస్తి దాటాక ఎండ ముదిరింది. నేను కిటికీ పక్కన, ఆయనకు కుడివైపు కూర్చున్నాను. ఆయన నా వైపు చెవి వంచి, "వేలం పాట మళ్లా పాడలేనేమో గానీ, కాయ పట్టుకుంటే చాలు రకం చెప్తా. గ్రేడింగు పనికి చెవి ఎందుకు?" అన్నాడు. బస్సులో జనం ఉన్నారు. గదికి పోయాక చెప్దామని ఊరుకున్నాను.

నాయుడుపేట నుంచి వాకాడు వైపు పల్లెవెలుగు బస్సులు ఉన్నాయి కానీ గంటకొకటి అని నమ్ముకోవద్దు. మేము ముప్పావు గంట నిలబడ్డాం. వాకాడులో దిగాక ఆటో. మూడు వందల యాభై చెప్పి, మూడు వందలకు ఒప్పుకున్నాడు. డ్రైవరు సుబ్బయ్య యాభై ఏళ్ల మనిషి. మేము ఫోన్‌లో మాట్లాడుకున్న లాడ్జి పేరు చెప్పగానే అద్దంలో నా వైపు చూశాడు.

"ఆడ దిగతారా అక్కా? పైన అంతస్తు కడతా ఉండారే. ఒకసారి గది చూసుకోని అడ్వాన్సు ఇయ్యండి."

"ఇచ్చేసినామన్నా, ఫోన్‌లోనే," అన్నాను.

సుబ్బయ్య ఆటో పోనిచ్చాడు.

ఆ లాడ్జి తూపిలిపాళేనికి కాస్త ఇవతల ఉంది. పేరు రాయడం లేదు. రోజుకు తొమ్మిది వందలు, కిటికీలోంచి సముద్రం కనబడుతుందని చెప్పారు. అది అబద్ధం కాదు. సరుగుడు చెట్ల సందులోంచి నీలం గీత ఒకటి కనబడింది. గది గోడకు ఆనుకుని ఒక పెద్ద రేకుల షెడ్డు కూడా కనబడింది. అప్పటికి అది మూసి ఉంది. ఒంటిగంటన్నరకు మేము మంచం మీద నడుం వాల్చగానే నెత్తిన టైల్స్ కోసే మిషన్ మొదలైంది. పంటి మీద మిషన్ పెట్టినట్టు ఉండేది ఆ మోత. ఆగుతుంది, హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదలవుతుంది. ఒక్క చెవితో వినేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. మోతలో మాటను విడదీసుకోలేరు. మనకు మోత ఒకవైపు, మాట ఒకవైపు. వాళ్లకు రెండూ ఒకటే కుప్ప. ఆయన దిండు మడిచి కుడి చెవి మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెవి దాచుకోవడానికే ఇంత దూరం తీసుకొచ్చినట్టయింది.

మేనేజరు పాతికేళ్ల పిల్లవాడేమీ కాదు, తల నెరిసిన మనిషి. పోయి అడిగాను.

"ఆరింటికి ఆపేస్తారు మేడం," అన్నాడు.

"వేరే గది ఇయ్యండి. మా ఆయనకు చెవికి బాగలేదు."

"వెనక వైపు గదులకు ఇంకా తలుపులు పెట్టలేదు. అయినా మీరే గదా సముద్రం వైపు కావాలన్నారు."

నాలుగింటికి బీచికి నడిచాం. పది నిమిషాల దారి. అక్కడ మాత్రం నేను ఎవరినీ తప్పుపట్టలేను. తీరం పొడవునా ఇసుక, అరడజను పడవలు, వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు. ఆయన ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, కుడి చెవి అలల వైపు తిప్పి నిలబడ్డాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

"మండీలో సీజన్ మొదటి రోజు ఇట్లే ఉంటాది మే. దూరం నుంచి వింటే ఇదే హోరు," అన్నాడు. నవ్వాడు. స్కాన్ తీసినాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

గాలి ఉంది, కానీ మాట వినబడుతోంది. ఆయన వింటున్నాడు. నా నోటిదాకా వచ్చింది. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు. గదికి పోతాం కదా, ఆరింటికి మిషన్ ఆగుతుంది కదా అనుకున్నాను. ఇసుకలో ఇంకో గంట కూర్చుని బజ్జీలు తిన్నాం.

ఆరింటికి టైల్స్ మిషన్ ఆగింది. ఆరుంపావుకు పక్క షెడ్డు తలుపులు తెరిచారు. అది ఐసు ఫ్యాక్టరీ. తెల్లవారుజామున పడవలు పోతాయి కాబట్టి సాయంత్రం నుంచే ఐసు దిమ్మలు మరలో వేసి పొడి కొడతారు. దిమ్మ పడ్డప్పుడల్లా గోడ అదిరింది, మంచం అదిరింది, మంచినీళ్ల సీసాలో నీళ్లు వణికాయి. కరెంటు పోతే మా కిటికీ కిందే జనరేటరు. తలుపు, కిటికీ మూసి, కంత ఉన్నచోట తువ్వాలు కుక్కాను. ఆయన ముందు కుర్చీ వేసుకుని, ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను.

"బావా, నాలుగేండ్ల ముందర ఆ డాక్టరు స్కాన్ తీయమని చీటీ రాసిచ్చినాడు. నేనే దాసిపెట్టినా."

"ఏమంటివి?"

ఇంకా గట్టిగా చెప్పాను. ఆయన నా పెదాల వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. మూడోసారి అరిచాను. నా తప్పు నేను అరిచి చెప్తున్నాను. వరండాలో బట్టలు ఆరేస్తున్న పక్క గది ఆవిడ తల తిప్పి అటువైపు కిటికీ అద్దంలోంచి మా వైపు చూసింది. ఆవిడకు వినబడింది. ఆయనకు వినబడలేదు.

"ఏం చీటీ? ఏమ్మే, ఏడస్తాండావా?"

"ఏం లేదు. అన్నం తిందామా అన్నా," అన్నాను, చేత్తో సైగ చేసి.

ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు, ఇద్దరం కన్ను మూయలేదు. పొద్దున ఆయన మంచం దిగబోయి గోడ పట్టుకున్నాడు. కళ్లు తిరిగి, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గడ్డ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే ఇలా అవుతుందని తర్వాత వేలూరులో చెప్పారు. రెండో రోజు డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు లాడ్జివాళ్లు, నేనూ గొడవపడలేదు. ముందురోజు నంబరు తీసుకుని ఉన్నాను, సుబ్బయ్యకు ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల్లో వచ్చాడు. బావ వాలకం చూసి వాకాడులో ఆపకుండా నేరుగా నాయుడుపేట దాకా తీసుకుపోయాడు. మిట్ట వచ్చిన ప్రతిచోటా ఆటో నడకలాగా పోనిచ్చాడు.

"నేను నిన్ననే ఇంకొంచెం గట్టిగా చెప్పుంటే బాగుండు అక్కా," అన్నాడు దిగేటప్పుడు.

నేను ఆటో డబ్బులు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాను.

తర్వాతి పన్నెండు రోజుల్లో ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న వేళలు లేకపోలేదు. మధ్యాహ్నం పిండిమర ఆపేస్తారు. ఆదివారం అసలు తిప్పరు. ఆయన నీరసంగా ఉన్నాడు, ఆపరేషన్ ముందు మనసు చెడగొట్టకూడదు అని నాకు నేనే చెప్పుకున్నాను. వేలూరులో ఆపరేషన్ థియేటరులోకి తీసుకుపోయేటప్పుడు నేను ఆయన చెవిలో చెప్పిన ఆఖరి మాట, "చెప్పులు నా కాడే ఉండాయి, భయపడొద్దు." ఆపరేషన్ బాగా జరిగింది. వాళ్లు చెప్పినట్టే చెవి పోయింది.

ఇంటికి వచ్చిన మూడో వారంలో ఫోన్‌లో రాసి చూపించాను. అంతా రాశాను. ఆయన రెండుసార్లు చదివాడు. "ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదైందో ఇప్పుడు ఆయనకు తెలియదు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఆ తర్వాత నాలుగు రోజులు నా వైపు చూడలేదు. ఐదో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చి, నా చేతిలో ఫోన్ పెట్టాడు. అందులో ఇలా ఉంది: "కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలీదు. కానీ నీ నోరు కదలతా ఉంటే ఏమంటాండావో తెలీకపోతే నాకు ఊపిరాడడం లేదు. ఏదన్నా ఉంటే రాయి."

సంగటి అయింది, తిందువురా అని రాశాను.

ఆ లాడ్జికి నెట్‌లో ఒక్క స్టారు రేటింగు ఇచ్చి పది లైన్లు తిట్టి రాశాను. రెండు రోజులకు తీసేశాను. రాసినదంతా నిజమే. కానీ చదువుతుంటే మరొకరి మీద నెపం పెడుతున్నట్టే అనిపించింది. బస్సులో చెప్పి ఉండొచ్చు, ఇసుకలో చెప్పి ఉండొచ్చు, ఏ ఆదివారమైనా చెప్పి ఉండొచ్చు. ఐసు మర లేకపోయినా ఆ సాయంత్రం నేను ఇంకో కారణం వెతుక్కునేదాన్నేమో. ఆయన ఇప్పుడు మండీలో కాయలు గ్రేడింగు చేస్తున్నాడు. మళ్లీ సముద్రానికి పోదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మీరు పోయేటట్టయితే ఒక్కటి చేయండి. గదికి డబ్బు కట్టే ముందు, మీరు నిద్రపోయే వేళకు ఆ లాడ్జికి ఫోన్ చేయండి. ఎత్తినవాళ్లు ఏం చెప్తున్నారన్నది తర్వాత, వాళ్ల వెనక ఏం వినబడుతోందో అది వినండి.