సోలారుకు పెట్టిన పెనమంత బొట్టు

నిప్పు లేకుండా, వరద రాకుండా, ఎవరి శాపమూ తగలకుండా ఒక హాస్టలును ఒక్క గిన్నెడు గంధంతో ముంచడం ఎలాగో మీకు తెలుసా? నాకు తెలుసు. చేసి చూశాను. అది 2006వ సంవత్సరం. ఆయుధపూజ ఆదివారం, విజయదశమి సోమవారం, నా పరువు పోయింది మంగళవారం. తేదీలూ లెక్కలూ నేను తప్పను. తక్కినవి ఎంత ఘనంగా తప్పుతానో చదివితే మీకే తెలుస్తుంది.

అప్పుడు నేను చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి పోయే దారిలో ఉన్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో లెక్కలు చెప్పేదాన్ని. ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుని కూడా. ఆ ఏడు పైవాళ్ళకు ప్రాంగణాన్నంతా పచ్చగా చేయాలని బుద్ధి పుట్టింది. పచ్చగా అంటే సున్నంలో రంగు కలపడం కాదు. వాననీళ్ళు భూమిలోకి ఇంకించడం, ఎంగిలాకులను ఎరువు చేయడం, కట్టెలు కాల్చకుండా ఎండతోనే నీళ్ళు కాచడం. ఆ ఎండ పని మొదట మా హాస్టలు మిద్దె మీదే మొదలైంది. ఎనిమిది సోలారు పలకలు బిగించారు. దసరా కాగానే తనిఖీ కమిటీ వస్తుంది. పలకలు బాగా పనిచేస్తే అన్ని హాస్టళ్ళకూ పెడతారు. లేదంటే వీటినీ ఊడదీసి, మళ్ళీ పాత కట్టెల బాయిలరే గతి.

కట్టెల బాయిలరు అన్న మాట వింటేనే రత్నమ్మకు దగ్గు వచ్చేది. రత్నమ్మది సోమేనహళ్ళి. మా హాస్టల్లో ఏళ్ళ తరబడి తెల్లవారకముందే లేచి, పచ్చి నీలగిరి కట్టెలు ఎగదోసి, అందరికీ నీళ్ళు కాచింది ఆమే. పిల్లల ఒళ్ళు వెచ్చబడింది, ఆమె ఊపిరితిత్తులు పొయ్యిగూడులా నల్లబడ్డాయి. డాక్టరు, "ఇంకొకసారి పొగ దగ్గరికి పోతే నా దగ్గరికి రావద్దు" అని చెప్పేశాడు. సోలారు వచ్చాక దగ్గు తగ్గింది. తగ్గిన సంతోషంలో పాటలు మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే దగ్గే కాస్త శ్రుతిలో ఉండేది. అయినా నేనేమీ అనలేదు. ఆమె పాడగలుగుతోందంటేనే నాకు కళ్ళు చెమర్చేవి.

ఆయుధపూజ ముందురోజు రత్నమ్మ నా గదికి వచ్చింది.

"అమ్మా, రేపు కత్తిపీటకు, గ్రైండరుకు అన్నిటికీ పూజ చేస్తాండాము కదా. మిద్దె మీద పలకలకు కూడా ఒక బొట్టు పెడదామమ్మా. నా పానం నిలబెట్టినవి అవే."

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. ఆ రోజు పని చేసే ప్రతి వస్తువుకూ బొట్టు పడాల్సిందే. బస్సు, కుట్టుమిషను, గడపార, తక్కెడ, ఏదీ తప్పించుకోదు. మా టైపిస్టు ఆ ఏడు కుర్చీకి కూడా పెట్టాడు. తన పనిలో సగం అదే చేస్తుందట.

రత్నమ్మ అడిగింది ఒక్క బొట్టు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను లెక్కల మనిషిని కదా!

"ఒక్క బొట్టా? సైకిలుకు ఎంత బొట్టు పెడతాం, చెప్పు."

"రూపాయి బిళ్ళంత."

"సైకిలు ఎంత, పలక ఎంత? సైకిలుకు రూపాయి బిళ్ళంత అయితే పలకకు ఎంత?"

"నాకేం తెలుసమ్మా! నేను బడికి పోయింది గంజి పోస్తారని."

నేను కాగితం తీసి త్రైరాశికం వేశాను. పలకకు రొట్టెల పెనమంత బొట్టు రావాలని తేలింది. త్రైరాశికం అబద్ధం చెప్పదు. అబద్ధం చెప్పకుండానే కొంపలు ముంచుతుంది, అంతే.

ఆదివారం పొద్దున గంధం, పసుపు కలిపి ముద్ద చేశాం. ప్రతి పలకకూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మూడు విభూతి పట్టెలు, నడుమ పెనమంత గంధం, దాని మీద సాసరంత కుంకుమ. ఒక పలకకు పట్టె కాస్త సన్నమైందని రత్నమ్మ చేత మళ్ళీ దిద్దించాను. పక్షపాతం పనికిరాదు కదా. మిగిలిన చోటంతా చిక్కబళ్ళాపురం సంతలో తెచ్చిన సేవంతి దండలు. ఎనిమిది పలకలూ ఎనిమిది మంది పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. చివరికి నా ఆయుధం కూడా ఒకటుందని గుర్తొచ్చి, నా కళ్ళజోడుకూ రెండు అద్దాల మీదా గంధం పెట్టాను. ఆ తరువాత జరిగిందేదీ నాకు సరిగా కనపడలేదని వాదించడానికి అదే నా ఏకైక సాక్ష్యం.

"పూజ చేసిన ఆయుధాన్ని పండుగ దాటేదాకా ముట్టకూడదు" అని ఆజ్ఞ ఇచ్చి, మిద్దె తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

సోమవారం బాగేపల్లి పిల్ల హేమ వచ్చింది. "వార్డెనమ్మా, నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు."

"పండుగపూట అందరూ తలంటుకుంటే ఎక్కడ సరిపోతాయి? భాగహారం వచ్చా నీకు?"

పాపం, వచ్చినా రానట్టే వెళ్ళిపోయింది.

మంగళవారం తెల్లవారి కొళాయి తిప్పితే నీళ్ళు నంది కొండ మీద మంచులా దిగాయి. పిల్లల కేకలు గుడిబండె కొండకు తగిలి తిరిగొచ్చి ఉంటాయి. పలకలు బిగించిన మెకానిక్ శీనప్పకు చింతామణికి ఫోన్ చేశాను.

"ఏమప్పా శీనప్పా, మీ సోలారు మూడు నెలలకే చచ్చింది!"

"అట్లెట్ల చస్తాదమ్మా? ఎండ ఉండాదా?"

"నిన్నా మొన్నా మండిపోయింది."

"పైపు యాడన్నా కారతాండాదా?"

"చుక్క కారలేదు."

"పలకలు శుభ్రంగా ఉండాయా? దుమ్ము గిన పడిందేమో."

"దుమ్మా? పూజ చేసినంత శుభ్రంగా ఉన్నాయి!"

"అయితే నాకు అంతుపట్టలేదమ్మా. సాయంత్రం బస్సుకు వస్తా."

చూశారా? నిజం నా నోటితోనే చెప్పాను. నా చెవులకే వినపడలేదు.

పదిన్నరకు కమిటీ వచ్చింది. దాని పెద్ద ఒక నెరిసిన మీసాల అధికారి. నేరుగా స్నానాల గదికి పోయి కొళాయి కింద చేయి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మా ప్రిన్సిపాలు ముఖం నీళ్ళకన్నా ముందు గడ్డకట్టింది.

"ఏం మేడమ్, ఇదేనా మీ సౌరశక్తి?" అని ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. " నేను ముందే చెప్పినా, మనకు కట్టెలే మేలని. ఎవరక్కడ? నీలగిరి లారీకి ఫోన్ చేయండప్పా!"

రత్నమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కొంగు ముక్కుకు కట్టుకుని, పాత బాయిలరు ముందు గొంతుక్కూర్చుని, బూడిద తోడడం మొదలుపెట్టింది. రెండు దోసిళ్ళు తీసిందో లేదో, దగ్గు. ఆ దగ్గు నా గుండెకు తగిలింది.

"ఆగండి సార్!" అన్నాను. "ఎండ లెక్క తప్పదు. అందరూ పైకి రండి. తప్పు పలకలదో కాదో చూద్దాం."

తాళం తీశాను. మిద్దె ఎక్కాం. అంతవరకూ తప్పు మీద తప్పు చేస్తూ వచ్చినా, నా కళ్ళజోడు గంధం మాత్రం పొద్దునే కడిగి ఉన్నాను. కాబట్టి అన్నీ స్పష్టంగా కనిపించాయి. రెండు రోజుల ఎండకు పసుపూ గంధం కాలి, పెంకులా అంటుకుపోయాయి. దండలు వాడి అప్పడాలయ్యాయి. పలకల మీద అద్దం అన్నది వేలెడు చోట కూడా లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. అక్కడ సూర్యుడు వరమిచ్చాడు, వార్డెను ఇవ్వలేదు.

నెరిసిన మీసాల పెద్దాయన ముందు బూట్లు విప్పాడు.

"గుడి అనుకున్నానమ్మా" అన్నాడు వినయంగా.

"తుడిచేయండి, తుడిచేయండి!" అని ప్రిన్సిపాలు అరిచాడు. ఎవరూ కదలలేదు.

రత్నమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "పండుగ మర్నాడు బొట్టు తుడిచేదా? నా చేత్తో కాదప్పా. కావాలంటే పొగలోనే సస్తా."

అందరూ నన్ను చూశారు. నా చేయీ లేవలేదు. ఎన్ని లెక్కలు చెప్పినా నేనూ ఈ నేల మనిషినే కదా. అటు శాస్త్రం, ఇటు సంప్రదాయం, నడుమ చల్లటి నీళ్ళు.

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. "తుడవద్దులేమ్మా. ఇంత పూజ చేసినారు కదా, అభిషేకం ఒకటే బాకీ ఉండాది. అది చేసేయండి."

రత్నమ్మ ముఖం వెలిగింది. బిందెలొచ్చాయి. పిల్లలు మెట్ల మీద వరుసగా నిలబడి అందించారు. ఆమె పాటెత్తుకుని పోసింది, నేను పీచుతో రుద్దాను. రుద్దడం అభిషేకంలో భాగమేనని అక్కడికక్కడ శాస్త్రం పుట్టించాను. నీళ్ళన్నీ కిందున్న కరివేపాకు చెట్లకు పోయాయి. పచ్చని ప్రాంగణంలో నీళ్ళు వృథా చేశామని రాయకూడదు కదా.

కమిటీ మధ్యాహ్నం రాగిసంగటి తిని, తక్కిన ప్రాంగణమంతా చూసి, సాయంత్రం మళ్ళీ వచ్చింది. పెద్దాయన కొళాయి తిప్పి చేయి పెట్టాడు.

"అబ్బబ్బా!" అని వేళ్ళు విదిలించాడు. నేను నా జీవితంలో విన్న మధురమైన మాట అదే. అప్పుడే గేటు ముందుకొచ్చిన కట్టెల లారీ అట్లే వెనక్కి తిరిగింది.

పోతూ పోతూ ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "ఎవరితో అనొద్దమ్మా. మొన్న పూజయినప్పటి నుంచి మా ఆఫీసులో కంప్యూటరులో ఏమీ కనపడలేదు. పాడైందని కొత్తది అడిగినా. ఇప్పుడు గుర్తొస్తాండాది, తెర నిండా గంధం పూసింది నేనే."

ఆ తరువాతి ఏడు అన్ని హాస్టళ్ళ మీదా పలకలు లేచాయి. ఆయుధపూజనాడు రత్నమ్మ పళ్ళెం పట్టుకుని దగ్గకుండా అన్ని మిద్దెలూ ఎక్కింది. వెనకే నేను ఎక్కి, ప్రతి పలకకూ వీపు మీద, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టించాను.

అందుకే ప్రత్యక్ష దైవమైన సూర్యుని సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఆయనకు ఎదురుగా బొట్టు పెట్టను. త్రైరాశికాన్ని పూజగదిలోకి రానివ్వను. మా ఇంటికి ఎప్పుడైనా వస్తే టీవీ వెనక, ఫ్రిజ్జు వెనక ఒకసారి తొంగి చూడండి. కుంకుమ కనిపిస్తుంది. ముందు వైపు మాత్రం, పూజ చేసినంత శుభ్రం కాదు. మామూలు శుభ్రం.